మూడిండ్లకూ సరే అన్న గంగమణి

ఊహ తెలిసిన కాడినుంచి గంగమణిని "నీకేం కావాలె?" అని అడిగినవాళ్ళు లేరు. లింగంపేటలో పుట్టింట ఉన్నన్నాళ్ళు అన్నలు తెచ్చిన రవికె గుడ్డే కుట్టించుకుంది. ఎల్లారెడ్డికి కోడలై వచ్చాక పెద్ద తోటికోడలు రామవ్వ కొలిచి ఇచ్చిన జొన్నలే విసిరింది. ఎవరేం చెప్పినా ఆమె నోట వచ్చేది ఒకటే మాట: "సరే." పెళ్ళికొడుకును కూడా పీటల మీద కూర్చున్నాకే చూసింది. చూసి, మంచోడే దొరికాడని లోలోపల సంబరపడింది గానీ, ఆ సంగతీ ఎవరూ అడగలేదు.

అలాంటి గంగమణిని ఒక పొద్దుటిపూట, పెరట్లో పళ్ళు తోముకుంటుంటే, ఆమె మొగుడు బాలమల్లు అడిగాడు.

"కామారెడ్డిల ఏడ ఉందమంటవ్?"

బాలమల్లు బస్సు డ్రైవరు. యుద్ధం వచ్చి పెట్రోలు దొరకడం గగనమయ్యాక బస్సుల వెనక పెద్ద ఇనప పీపాలు బిగించి, వాటిలో బొగ్గులు మండించి, ఆ గ్యాసుతో నడిపిస్తున్నారు. బొగ్గు బస్సును లొంగదీయడం అందరివల్లా అయ్యే పని కాదు. అది చంటిపిల్ల లాంటిది. ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు మొండికేస్తుందో తెలియదు. బాలమల్లుకు మాత్రం దాని మనసు దొరికింది. అంతవరకు వేరే డ్రైవర్లకు బదులుగా తిరిగినవాడికి ఇప్పుడు సొంతంగా ఒక బస్సు అప్పగించారు. కాకపోతే బస్సు షెడ్డు ఉన్నది కామారెడ్డిలో. కోడి కూయకముందే లేచి బొగ్గు రాజేయాలి కనుక కాపురం కూడా అక్కడికి మార్చక తప్పదు.

"ఏడ ఉండుడేంది? నువ్వేడుంటె ఆడ," అంది గంగమణి నోట్లోంచి వేపపుల్ల తీసి.

"అది కాదే. నేను దినమంత బస్సుల ఉంట. ఇంట్ల ఉండేది నువ్వు. నీకు ఏ వాడ నచ్చితే ఆ వాడల కిరాయికి తీసుకుందాం. నువ్వే వచ్చి చూడు."

వేపపుల్ల చేతిలోంచి జారి కిందపడింది. అది తీయాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు. ఆ రోజు పప్పులో ఉప్పు మళ్ళీ మళ్ళీ వేసింది. దూడను కట్టేయబోయి గుంజకే తలుగు చుట్టి వచ్చింది. నడుస్తూ నడుస్తూ ఉత్తపుణ్యానికి చిన్నారి కూతురు రాజమణిని ఎత్తి గిరగిరా తిప్పింది. ఒక వాకిలి, ఒక పొయ్యి, పడుకునే ఒక అర్ర, తను ఎంచుకున్నవి! ఎక్కడ నిలబడ్డా కాళ్ళు నేలకు ఆనడం లేదు.

ఇంటి పెత్తనం రామవ్వది. చెడ్డ మనిషి కాదు గానీ, ఇంట్లో పొయ్యి మీద గిన్నెకు మూత కూడా ఆమె చెప్పందే లేవకూడదు. ఆమెకు ఈ సంగతి చెవిన పడగానే చేతిలోని చాట నేలకు కొట్టింది.

"ఇండ్లు మొగోళ్ళు చూస్తరు. ఆడది పొయి ఊరోళ్ళ అర్రలల్ల తొంగి చూసుడేంది? నలుగురు నవ్వరా?"

గంగమణి "సరే అక్కా" అనబోయింది. అంతలో అరుగు మీదినుంచి అత్త దేవవ్వ అందుకుంది.

"ఒక్కతే ఎందుకు పోతది? నేను పోత ఎంబడి. దానికి ఇండ్ల సంగతి ఏమెరుక?"

నిజానికి దేవవ్వకూ ఎరుక లేదు. పెళ్ళయి ఈ ఇంట అడుగు పెట్టినప్పటినుంచి ఇంకో ఇంట పడుకోలేదు ఆమె. అయితే చిన్నకొడుకు కామారెడ్డికి మారతాడన్న మాట విన్ననాడే తనూ అటే అని మనసులో ముడి వేసుకుంది. మాట అంటూండగానే ఆకువక్క సంచి భుజానికి తగిలించుకుని లేచి నిలబడింది, బస్సు వాకిట్లో ఉన్నట్టు.

రామవ్వ ఇక ఆపలేకపోయింది. "సరే, పోండ్రి. కాని కొత్తవాడల మా చిన్నాయిన కొడుకు నర్సింహులు ఉన్నడు. ఆయన ఇల్లే తీసుకోండ్రి. బాయి ఉన్నది, కొట్టం ఉన్నది. బజారు మొకం, రైలు మొకం చూడకుండ్రి," అని మరీ మరీ చెప్పి పంపింది.

మర్నాడు బాలమల్లు తన పక్కనున్న సీట్లోనే ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. రాజమణి తల్లి ఒళ్ళో. మక్క కంకులు పాలు పట్టే రోజులవి. లింగంపేట దాటేదాకా రోడ్డుకు రెండువైపులా చేలు మనిషెత్తు లేచి ఉన్నాయి. అడవిలో ఎత్తు ఎక్కేచోట బస్సు దగ్గి, తుమ్మి, నిలిచిపోయింది. మొగవాళ్ళంతా దిగి తోశారు. దేవవ్వ కూడా దిగబోయింది.

"నువ్వెందుకవ్వా?" అన్నాడు బాలమల్లు.

"నా కొడుకు బస్సు! ఊరోళ్ళు తోస్తుంటే నేను కూసుంటనా?"

దిగి, వెనక్కు పోయి, రెండు చేతులూ ఆనించి "హుమ్" అంది. బస్సు సరిగ్గా అప్పుడే కదిలింది. తన బలానికే కదిలిందని దేవవ్వ కామారెడ్డి చేరేదాకా పక్కవాళ్ళకు చెబుతూనే వచ్చింది. ముక్కు మీద, నుదుటి మీద బొగ్గు మసి. గంగమణి కొంగుతో తుడవబోతే ఒప్పుకోలేదు.

కామారెడ్డిలో దిగాక బాలమల్లు దోవలు చూపించాడు. "నాకు షెడ్ల పీప కడిగే పనున్నది. నర్సింహులు ఇల్లు గీ తొవ్వల. బజార్ల రుక్మాబాయిది మేడ మీద అర్రలు ఖాళీగున్నయట. స్టేషను పక్కన యాకూబు అని రైల్వేల పని చేసి దిగినాయన ఉన్నడు, ఆయన ఇంట్ల పక్కభాగం కిరాయికిస్తడట. మూడు చూడు. పొద్దు వాలినంక బస్సు తిరిగి పోతది, ఆ లోపల రాండ్రి."

"నువ్వు రావా?" అంది గంగమణి కాస్త బెదిరి.

"నేనొస్తె నేను చెప్పినట్టయితది," అన్నాడు నవ్వుతూ.

రామవ్వ మాట దాటకూడదని ముందు కొత్తవాడకే పోయారు. నర్సింహులు ఇల్లు నిజంగానే బాగుంది. సున్నం వేసిన గోడలు, వెడల్పాటి వాకిలి, వెనక బావి. ఆ బావికి గిరక ఉంది. ఎల్లారెడ్డి ఇంట్లో నీళ్ళంటే వాడకట్టు బావికి పోయి వరుసలో నిలబడడమే. గంగమణి బొక్కెన వదిలి చేదింది. గిరక కీచుమంది, బొక్కెన పూలసజ్జలా తేలిగ్గా పైకొచ్చింది. నీళ్ళు తొట్టిలో పోసి మళ్ళీ చేదింది. ఆపబుద్ధి కాలేదు. తొట్టి నిండింది, పక్కనున్న కాగు నిండింది, నర్సింహులు పెంచుకుంటున్న వంకాయ మడి కూడా తడిసి మునిగింది.

"ఈ నీళ్ళల్ల పప్పు ఇట్ల పెడితె అట్ల ఉడుకుతది," అన్నాడు నర్సింహులు మీసం మీద చెయ్యేసి. "మా చెల్లె రామవ్వ చెప్పినంక ఇంక మాటేమున్నది? సరేనా?"

"సరే అన్నా," అంది గంగమణి. ఆ మాట అనడానికి ఆమె ఆలోచించనక్కరలేదు. దగ్గు వచ్చినట్టు దానంతటదే వచ్చేస్తుంది.

బయటికొచ్చాక దేవవ్వ ఆగింది. "అయితె ఇంక అయిపోయినట్టేనా?"

ఆమె గొంతులో అంత దిగులు వింటే రాయి కూడా కరిగేది. పొద్దింకా నడినెత్తి మీదికి రాలేదు.

"ఊకె చూసుడే గద అత్తా. చూస్తె ఏం పోతది?" అంది గంగమణి.

"ఏం పోతది!" అంది దేవవ్వ, అప్పుడే రెండడుగులు ముందుకు వేసి.

రుక్మాబాయి ఇల్లు బజారు నడిబొడ్డున, కింద మిఠాయి దుకాణం, పైన అర్రలు. ఆమె మరాఠీ మనిషి, భర్త పోయాక తమ్ముడితో దుకాణం నడిపిస్తోంది. మెట్ల పైనుంచి వంగి "అగ బాయీ! రండి, పైకి రండి" అని చేతులు ఊపింది. మెట్లు నిచ్చెనకు ఎక్కువ, మెట్లకు తక్కువ. దేవవ్వ చేతులు కాళ్ళు రెండూ ఆనించి పిల్లిలా ఎక్కింది. పైకి చేరి కిటికీలోంచి కిందికి చూసిందో లేదో, నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"ఓ గంగీ! గిటు రా! ఎవల నెత్తి మీద ఎంత బట్టతల ఉన్నదో అన్ని అవుపడుతున్నయే!"

నిజమే. రుమాలు కట్టుకున్న తలలు, గంపలు మోసే తలలు, ఎద్దుల కొమ్ములు, బండ్ల మీది బస్తాలు, అన్నీ పైనుంచి కనబడుతున్నాయి. కిందినుంచి జిలేబీ వాసన మబ్బులా లేచి కిటికీలోకి వస్తోంది. గంగమణి రాజమణిని ఎత్తి చూపించింది. ఇంతవరకు లోకం తనను చూసేది, తను తల వంచుకుని పోయేది. ఇప్పుడు తను పైనుంచి చూస్తుంటే లోకానికి ఆ సంగతే తెలియదు! ఆమెకు తల తిరిగినంత పనైంది. అది మెట్లవల్లనో, జిలేబీ వల్లనో, సంబరం వల్లనో ఆమెకే తెలియలేదు.

"ఠీక్ నా?" అంది రుక్మాబాయి. అని, జవాబుకు ఆగకుండా పసుపు కుంకుమ గిన్నె తేబోయి, తనే చేయి వెనక్కు తీసుకుని, కింద దుకాణంలోని తమ్ముడి భార్యను పిలిచి గంగమణికి బొట్టు పెట్టించింది. "ఇంక ఈ ఇల్లు నీదే బాయీ. సరేనా?"

"సరే," అంది గంగమణి. అన్నాక గానీ నర్సింహులు గుర్తుకు రాలేదు. పొద్దున్న ఇచ్చిన సరే ఏమైందని లోపల ఎవరో అడిగినట్టయింది. కానీ ఆ ప్రశ్న తెమలకముందే కొత్త చిక్కు వచ్చిపడింది. దేవవ్వ మెట్లు దిగనంటోంది.

"కిందికి చూస్తె కండ్లు తిరుగుతున్నయ్. నన్ను ఈడనే ఉంచుండ్రి. మీరు పొయి సామాన్లు తెచ్చుకోండ్రి. నాకింత బువ్వ పైకి పంపుండ్రి."

చివరికి మిఠాయి తమ్ముడు చేతుల పిండి దులుపుకుని వచ్చి, కింద నిలబడి ఆమె పాదాలను ఒక్కొక్కటిగా పట్టి మెట్టు మెట్టుకూ పెడుతూ దించాడు. దేవవ్వ కళ్ళు మూసుకుని పోచమ్మను, మైసమ్మను, తెలిసిన దేవతలందరినీ పిలిచింది. నేల తగిలాక కళ్ళు తెరిచి, "మంచిగుండె. మల్లెక్కుదమా?" అంది.

ఆ తర్వాత ఇంక తిన్నగా బస్సు కాడికి పోవలసింది. స్టేషను దారిలోనే షెడ్డు. పోయే దారే కదా అని యాకూబు ఇంటి ముందు ఆగారు.

యాకూబు ఇంజన్లో బొగ్గు వేసీ వేసీ ఈ మధ్యనే పని మానిన మనిషి. క్రైస్తవ మిషనులో కలిసిన కుటుంబం. భార్య ముత్తవ్వ నవ్వుతూ మంచం వాల్చి, అడగకముందే పొగలు కక్కే చాయ్ గ్లాసులు చేతిలో పెట్టింది. దేవవ్వ పుట్టి బుద్ధెరిగి చాయ్ తాగలేదు. ఒక గుక్క తాగింది, కళ్ళు పెద్దవి చేసింది, ఇంకో గుక్క తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక గాని ఎవరి ఇంట ఎవరి చేతిది తాగానన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఒక్క క్షణం గ్లాసు వైపు, ముత్తవ్వ వైపు చూసింది.

"తాగినంక అడిగితె ఏం లాభం?" అని తనకు తనే చెప్పుకుని, గ్లాసు ముందుకు చాపింది. "ఇంకింత ఉన్నదా చెల్లె?"

ఇల్లు చిన్నది. మట్టి గోడలు, పెంకుల కప్పు, పక్కభాగంలో రెండు ఇరుకు అర్రలు. నీళ్ళకు కాస్త దూరం నడవాలి. గంగమణి మనసులో ఇది కొట్టేసింది. ఇక్కడైనా సరే అనకుండా బయటపడొచ్చని కాస్త ఊపిరి పీల్చుకుంది కూడా.

అప్పుడే నేల దడదడమంది. ముందు గ్లాసు మోగింది, తర్వాత గిన్నెలు మోగాయి, తర్వాత ఇంట్లో ఉన్న సామాన్లన్నీ ఒక్కసారే మాట్లాడడం మొదలుపెట్టాయి. దేవవ్వ లేచి స్తంభాన్ని కావలించుకుంది. గూట్లో ఉన్న ఇత్తడి చెంబు ప్రాణం వచ్చినట్టు కదిలి, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ అంచుదాకా నడిచి, గభాలున దూకింది. ముత్తవ్వ అటు చూడనైనా చూడకుండా, చెబుతున్న మాట ఆపకుండా, చెయ్యి చాపి దాన్ని గాల్లోనే పట్టి మళ్ళీ గూట్లో పెట్టింది.

"...అదే చెప్తున్న, మా పెద్దబిడ్డ సికింద్రాబాదుల ఉంటది," అంటూ ముగించింది, రైలు చప్పుడును మించి గొంతు పెంచి.

గంగమణికి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. చెంబు నడిచిన నడక, ముత్తవ్వ చెయ్యి, స్తంభాన్ని పట్టుకున్న అత్త, అన్నీ కలిసి కడుపులోంచి తన్నుకొచ్చాయి. పకపకా నవ్వింది. కళ్ళ నీళ్ళు కారేదాకా, పక్కటెముకలు నొప్పి పెట్టేదాకా నవ్వింది. దేవవ్వ స్తంభం వదలకుండానే నవ్వింది. రాజమణి ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొడుతూ నవ్వింది. ముత్తవ్వకు మాత్రం ఇందులో నవ్వేదేముందో అర్థం కాక, వీళ్ళను చూసి నవ్వింది.

ఎవరూ "ఏందా నవ్వు?" అనలేదు.

అందరూ బయటికి ఉరికారు. రైలు కళ్ళముందే పోతోంది. దేవవ్వ చేతులెత్తి ప్రతి డబ్బాకూ "పైలంగ పోండ్రి! పైలంగ పోండ్రి!" అని అరిచింది. కిటికీల్లోంచి ముక్కూమొకం తెలియనివాళ్ళు చేతులూపారు. రైలు పోయాక కూడా ఆమె కాసేపు ఊపుతూనే నిలబడింది.

"ఏం బిడ్డా, నచ్చిందా? చప్పుడుకు జడుసుకున్నరా?" అన్నాడు యాకూబు.

"సరే బాపు," అంది గంగమణి ఇంకా నవ్వు ఆగక. అతను అడిగింది వేరు, ఆమె చెప్పింది వేరు. యాకూబు మాత్రం తలాడించాడు.

బస్సు కాడికి నడుస్తుంటే నవ్వంతా దిగిపోయింది. మూడు చోట్ల మూడు సరేలు. "అత్తా, ఇప్పుడేం చేద్దాం?" అంది.

"మూడిండ్లల్ల ఉందం," అంది దేవవ్వ ఏ మాత్రం తడబడకుండా. "పొద్దుగాల బాయి కాడ, మాపటీలి మేడ మీద, రైలొచ్చేటాల్లకు చాయ్ కాడ."

బస్సు ఎక్కి కూర్చున్నారు. క్లీనరు వెనక పీపా దగ్గర చక్రం తిప్పి గాలి కొడుతున్నాడు, ఇంకా మంట అందుకోలేదు. ఇంతలో నర్సింహులు వచ్చాడు. బస్సు పక్కన నిలబడి తాళంచెవి ఎత్తి చూపించాడు.

"ఇగో చెల్లె! తాళంచెవి నీ దగ్గరనే ఉండనియ్యి."

గంగమణి చెయ్యి చాపేలోపు వెనకనుంచి "అగ బాయీ!" అని వినబడింది. రుక్మాబాయి ఆకు పొట్లంలో జిలేబీలు కట్టుకుని వచ్చింది. "పిల్లకని తెచ్చిన. మా కిరాయిదారు పిల్ల ఉత్తచేతుల పోతదా?"

"మీ కిరాయిదారా?" అన్నాడు నర్సింహులు.

"మరి కాదా? బొట్టు కూడ పెట్టిచ్చిన."

"నాకు మాటిచ్చింది! పొద్దుగాల ఇచ్చింది!"

వాళ్ళ నడుమకు యాకూబు వచ్చాడు, దేవవ్వ మరచిపోయిన ఆకువక్క సంచి పట్టుకుని. "అవ్వా, నీ సంచి. ఎట్లయినా మా ఇంటికే వస్తరు గద, అప్పుడిద్దమనుకున్న గాని ముసలిపానం ఆకు లేకుంటే ఆగదని..."

ఇంకేముంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. బస్సులో ఉన్నవాళ్ళు లేచి నిలబడి తీర్పులు మొదలుపెట్టారు. మేకల బేరగాడొకడు "బాయి ఉన్న ఇల్లు ఇడువకు బిడ్డా" అన్నాడు. వెనక సీటు ముసలమ్మ "మేడ మీద గాలొస్తది, మేడే మంచిది" అంది. "మిఠాయి దుకాణమంటే ఈగలు గాదా?" అన్నాడు ఇంకొకడు. "మా దుకాణంల ఈగలా? వచ్చి చూడు!" అని రుక్మాబాయి వాడి మీదికి పోయింది. క్లీనరు చక్రం తిప్పడం మాని వినడానికి ముందుకొచ్చాడు. రాజేసిన బొగ్గులు కాస్తా చల్లారిపోయాయి.

మొహమంతా మసితో బాలమల్లు వచ్చేసరికి ఇదీ తంతు. విన్నాడు. గంగమణి వైపు చూశాడు.

"ఎవలికి సరే అన్నవే?"

"అందరికి," అంది గంగమణి నేలలోకి చూస్తూ.

బస్సంతా ఘొల్లుమంది. బాలమల్లు కూడా నవ్వాడు, మసి మొహంలో పళ్ళు మాత్రం తెల్లగా మెరిశాయి. తర్వాత నెమ్మదిగా, పెరట్లో అడిగినట్టే అడిగాడు. "సరే అన్నది పోనీ. నీకేది కావాలె?"

జనం కిటికీల్లోంచి మెడలు చాచారు. గంగమణి మెట్టు దిగి కింద నిలబడింది.

"నర్సింహులన్నా," అంది. "నీ బాయి నీళ్ళు అమృతం. ఇల్లు మస్తుగున్నది. కాని నాకొద్దు."

నోరు దాటి వచ్చాక ఆ మాట ఆమెకే కొత్తగా వినిపించింది. పచ్చి మామిడికాయ కొరికినట్టు దవడలు జివ్వుమన్నాయి. నర్సింహులు నెత్తిన పిడుగేమీ పడలేదు. తనకూ ఏమీ కాలేదు. రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది.

"బాయీ, నీ మేడంటె నాకు పానం. కాని అదీ వద్దు."

ఆ ఊపులో యాకూబుకు కూడా వద్దనబోయి నాలుక కరుచుకుంది.

"బాపు ఇల్లు కావాలె," అంది గట్టిగా. "ఆ ఇల్లే."

"మట్టి కొంపనా? గోడలు ఊగే ఇల్లా?" అన్నాడు నర్సింహులు. "ఎందుకో చెప్పు. కారణం చెప్పు!"

గంగమణి కొంగు సర్దుకుని అతని వైపు తిరిగింది. "నీ ఇంట్ల నీళ్ళు చేదిన అన్నా. రుక్మాబాయి ఇంట్ల బజారు చూసిన. బాపు ఇంట్ల నవ్విన. పెద్దగ నవ్విన. మా ఇంట్ల కోడండ్లు గట్ల నవ్వద్దు. నవ్వాల్నంటె కొట్టంల బర్రె ఎనుకకు పొయి నవ్వుతం."

ముందుగా నవ్వింది రుక్మాబాయి. నడుం పట్టుకుని, బస్సుకు ఆనుకుని నవ్వింది. "అగ బాయీ! నేను దుకాణం గోదాంల నవ్వుతుంటి!" అంది. ఆ వెంట వెనక సీటు ముసలమ్మ, గంపల ఆడవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. తామెక్కడెక్కడ దాక్కుని నవ్వేవారో చెప్పుకుంటుంటే బస్సు పెళ్ళిపందిరిలా అయింది. రుక్మాబాయి జిలేబీ పొట్లం విప్పి చేతికందినవాళ్ళకల్లా పంచింది.

నర్సింహులు మాత్రం నవ్వలేదు, జిలేబీ ముట్టలేదు. తాళంచెవి మొలలో దోపుకుని, "రామవ్వకు కబురు పంపుత" అని పోయాడు. పంపాడు కూడా. అది వీళ్ళకంటే వెనక చేరినా, చేరాల్సిన వేడితోనే చేరింది.

రామవ్వ గంగమణితో మాట్లాడడం మానేసింది. సామాన్లు సర్దుతున్నన్నాళ్ళు మొహం చాటేసింది. బస్సు మీదికి చాపలు, కుండలు, కోళ్ళ గంప ఎక్కించి, దేవవ్వ ముందు సీట్లో కూర్చున్నాక, కదిలే ముందు మాత్రం బయటికొచ్చింది. గంగమణి కాళ్ళకు మొక్కబోతే పట్టి లేపి, తన చేత్తో పెట్టిన మామిడి తొక్కు జాడీ చేతికిచ్చింది.

"పో. పొయి నవ్వుకో," అంది విసురుగా. రెండడుగులు వేసి మళ్ళీ తిరిగింది. "ఒక్కతే ఏం వండుకుంటవో, ఏం తింటవో..." అని కొంగుతో మూతి మూసుకుని లోపలికి పోయింది. గంగమణికి తొలిసారి ఆ ఇల్లు విడిచి పోవడం కష్టమనిపించింది. లింగంపేట దాకా ఏడ్చింది. అక్కడ అన్న బస్సుకు ఎదురొచ్చి మక్క కంకుల మూట అందించాక కళ్ళు తుడుచుకుంది.

యాకూబు ఇంటి పక్కభాగాన్ని ముత్తవ్వ అప్పటికే ఊడ్చి అలికి ఉంచింది. గంగమణి పొయ్యి వేసుకోవడానికి మూడు రాళ్ళు తెచ్చింది. ఒక మూలకు పెట్టింది. నచ్చలేదు. కిటికీ పక్కకు జరిపింది. మళ్ళీ తలుపు దగ్గరికి తెచ్చింది. ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు కనుక అర్రంతా తిప్పింది. ఆఖరుకు కిటికీ పక్కనే కుదిరింది. మట్టి మెత్తి, ముగ్గు గీసి, అగ్గి చేసి, పాలు పొంగించింది. ఆ తర్వాత కూర్చుని కంకులు ఒలిచింది.

బాలమల్లు మధ్యాహ్నం బస్సు నిలిపి తిండికి వచ్చేసరికి ఇల్లంతా కాగిన నూనె వాసన. పళ్ళెం నిండా మక్క గారెలు, పక్కన రామవ్వ ఇచ్చిన తొక్కు. ఎల్లారెడ్డి ఇంట గారెలంటే పండుగ రావాలి, లేదా అల్లుడు రావాలి. అవైనా మొగవాళ్ళు తిని లేచాక మిగిలితేనే. గంగమణి అలవాటుగా వడ్డించడానికి నిలబడబోయి, ఒక్క క్షణం ఆగి, పీట లాక్కుని మొగుడు, అత్తల పక్కనే కూర్చుంది. ముత్తవ్వకు, యాకూబుకు ఒక గిన్నెడు ముందే పోయింది.

దేవవ్వ వేడి గారె విరిచి, ఊదుకుంటూ కోడలి వైపు అనుమానంగా చూసింది.

"ఇయ్యాల ఏం పండుగే?"

"ఏం పండుగ లేదత్తా," అంది గంగమణి ఇంకో గారె అందుకుంటూ. "నాకు తినబుద్దయింది. చేసిన."